ఎయిర్ రైఫిల్ కొనాలంటే ఇంట్లో ముందు తాళం సంగతి మాట్లాడండి

10 మీటర్ల దూరంలోని టార్గెట్‌ని కొట్టే షూటింగ్ సరదాతో ఎయిర్ రైఫిల్ (గాలి ఒత్తిడితో పనిచేసే తుపాకీ) కొనాలనుకుంటే, ఇంట్లో ధర దగ్గర మొదలుపెట్టకండి. మాది అమలాపురం దగ్గర పల్లెటూరు. మా ఆవిడ భయమంతా పిల్లల గురించే. రైఫిల్‌ని పెట్టెలో పెట్టి తాళంచెవి తనకే ఇస్తానన్నాక సగం టెన్షన్ పోయింది. బోరు (గొట్టం లోపలి వ్యాసం) 4.5 మిల్లీమీటర్లు, గుండు బయటికొచ్చే శక్తి 20 జౌళ్లు దాటకపోతే 2016 ఆయుధ నిబంధనల ప్రకారం లైసెన్సు అక్కర్లేదని కూడా చూపించాను. చేలో కొంగల జోలికి పోనని మాటిచ్చాను, వాటిని కొట్టడం నేరం కూడా.

డబ్బు సంగతి మాత్రం దాళ్వా (రబీ) ధాన్యం అమ్మి, ఎరువుల కొట్టు బాకీ తీర్చాకే ఎత్తండి. పెల్లెట్లు (రైఫిల్‌లో వేసే చిన్న గుళ్లు), టార్గెట్లు, పెట్టె ఖర్చు అన్నీ కలిపి ఒకేసారి చెప్పేయండి. ఒక్కొక్కటే తర్వాత బయటపడితే ఆవిడ నిజంగా బాధపడుతుంది.