సైనిక హోదాలు, పదోన్నతులు: అర్థం చేసుకునే పద్ధతి

సైన్యంలోని హోదాలన్నింటినీ కింది నుంచి పైకి ఒకే నిచ్చెనగా చదివితే తికమక తప్పదు. చాలా దేశాల్లో నిచ్చెనలు కనీసం రెండుంటాయి. సిపాయిగా చేరి కార్పొరల్, సార్జెంట్ స్థాయులకు ఎదిగేవారిది ఒకటి, కమిషన్ (అధికారిగా ప్రభుత్వ నియామకం) పొంది లెఫ్టినెంట్‌గా అడుగుపెట్టే అధికారులది మరొకటి. అందువల్ల ఎవరి హోదా విన్నా, ముందుగా అది ఏ వరుసకు చెందిందో చూడాలి. ఏళ్ల తరబడి రాటుదేలిన సార్జెంట్ కూడా నిన్ననే కమిషన్ పొందిన లెఫ్టినెంట్‌కు సెల్యూట్ చేస్తారు. అయినా ఆ యువ అధికారి ప్లటూన్‌ను (చిన్న సైనిక బృందాన్ని) నడపడం నేర్చుకునేది చాలావరకు ఆ సార్జెంట్ దగ్గరే. భారత సైన్యంలో ఈ రెండు వరుసల నడుమ నాయిబ్ సుబేదార్, సుబేదార్, సుబేదార్ మేజర్ అనే జూనియర్ కమిషన్డ్ ఆఫీసర్లు ఉంటారు. సుబేదార్ మేజర్ ఎంత గౌరవనీయుడైనా, అధికార క్రమంలో లెఫ్టినెంట్ తర్వాతే.

తర్వాత ఏ దళమో గమనించాలి. పదాతి దళంలో కెప్టెన్ అంటే యువ అధికారి. నౌకాదళంలో కెప్టెన్ అంటే కర్నల్‌కు సమానుడు. ఇలాంటి తేడాలు తేల్చడానికే నాటో కూటమి అధికారులకు ఓఎఫ్-1 నుంచి ఓఎఫ్-10 వరకు, ఇతర శ్రేణులకు ఓఆర్-1 నుంచి ఓఆర్-9 వరకు సంకేతాలు పెట్టుకుంది. అందులో పదాతి దళ కెప్టెన్ ఓఎఫ్-2, నౌకాదళ కెప్టెన్ ఓఎఫ్-5.

ఇక పదోన్నతి విషయంలో అడగవలసిన అసలు ప్రశ్న ఒకటే: ఆ మెట్టు సర్వీసు కాలాన్ని బట్టి వస్తుందా, ఎంపికను బట్టి వస్తుందా? భారత సైన్యంలో అధికారులు సాధారణంగా 2 ఏళ్లకు కెప్టెన్, 6 ఏళ్లకు మేజర్, 13 ఏళ్లకు లెఫ్టినెంట్ కర్నల్ అవుతారు. మధ్యలో పదోన్నతి పరీక్షలు కూడా నెగ్గాలి. కర్నల్ దగ్గర మాత్రం దారి ఇరుకవుతుంది. ఖాళీలు తక్కువ కాబట్టి ఎంపిక మండలి వార్షిక రహస్య నివేదికలను (పనితీరుపై పై అధికారులు ఏటా రాసేవి), నిర్వహించిన బాధ్యతలను, పూర్తిచేసిన కోర్సులను పోల్చి చూస్తుంది. వీటిలో వార్షిక నివేదికను తేలికగా తీసుకోకూడదని గట్టిగా చెప్పాలి, ఎందుకంటే మండలి ముందుకు వెళ్లేది మనిషి కాదు, ఆ కాగితాలే. అమెరికాలో ఈ పోటీ మరింత కఠినం: కెప్టెన్, మేజర్ స్థాయుల్లో రెండుసార్లు ఎంపిక కాని అధికారి సాధారణంగా సర్వీసు విడిచిపెట్టాల్సి ఉంటుంది.

ఒకే హోదాలో ఇద్దరుంటే, ఆ హోదాను ముందుగా అందుకున్నవారే సాధారణంగా సీనియర్. కాబట్టి పదోన్నతి తేదీని కూడా హోదాతో పాటే చదవాలి.