పయూట్ ట్రెయిల్ మీద లాంగ్ రైడ్ కి వెళ్తున్నారా, ముందు పెట్రోల్ లెక్క చూసుకోండి

సెప్టెంబర్ దగ్గరకొచ్చేసింది. ఇంకొన్ని వారాల్లో యూటా కొండల మీద ఆస్పెన్ ఆకులు పసుపెక్కుతాయి, మనవాళ్ళు సాల్ట్ లేక్ నుంచీ లాస్ వేగస్ నుంచీ గ్రూపులు గ్రూపులుగా ఏటీవీలు, అంటే కొండదారుల్లో తిరిగే నాలుగు చక్రాల బండ్లు, వేసుకుని పయూట్ ట్రెయిల్ కి బయల్దేరతారు. ఎక్కడ ఉండాలి, ఏం వండుకెళ్ళాలి, చలికి ఏం వేసుకోవాలి, ఇవన్నీ అడుగుతారు కానీ పెట్రోల్ ఎంత పట్టుకెళ్ళాలి అని అడిగేవాళ్ళు నాకు చాలా తక్కువ మంది కనిపించారు. అందుకే ఇది రాస్తున్నా.

తెలియనివాళ్ళ కోసం ఒక మాట. ఈ ట్రెయిల్ సెంట్రల్ యూటాలో ఫిష్ లేక్ నేషనల్ ఫారెస్ట్ లో ఉంటుంది, మెయిన్ లూప్ సుమారు 275 మైళ్ళు, దానికి మొదలూ చివరా లేవు, రిచ్ ఫీల్డ్, సలైనా, ఫిల్ మోర్, బీవర్, మేరీస్ వేల్, సర్కిల్ విల్ లాంటి ఊళ్ళని కలుపుతూ తిరుగుతుంది, ఎక్కడైనా ఎక్కొచ్చు ఎక్కడైనా దిగొచ్చు. పక్క ట్రెయిల్స్ ఇంకా బోలెడు. బండి మీదే ఊళ్ళోకి వచ్చి బంకులో పోయించుకోవచ్చు, అదే దీని గొప్ప సుఖం. కానీ ఊరికీ ఊరికీ మధ్య అంతా అడవీ కొండలే, తూషార్ కొండల మీద 11,000 అడుగులు దాటి ఎక్కుతాం, అక్కడ బంకూ లేదు, చాలా చోట్ల ఫోన్ సిగ్నలూ లేదు.

రెండేళ్ళ కిందట మేం నలుగురం బీవర్ నుంచి మేరీస్ వేల్ వైపు వెళ్దామని బయల్దేరాం. మ్యాప్ మీద మైళ్ళు చూసుకున్నాం, ట్యాంకులు గొంతు దాకా నింపాం, పైకి ఒక క్యాన్ పెట్టుకున్నాం, సరిపోతుందిలే అనుకున్నాం. పైన రాత్రి పడ్డ మంచుకి దారి మూసుకుపోయింది, ఇంకో దారి వెతుక్కుని కాసేపు తిరిగి, అదీ కుదరక వచ్చిన దారినే వెనక్కి రావాల్సొచ్చింది. ఊరు ఇంకా 9 మైళ్ళుందనగా మాలో ఒక తమ్ముడి బండి ఆగిపోయింది. క్యాన్ అప్పటికే ఖాళీ. పొద్దు కుంకుతోంది, చలి మొదలైంది, అతని చేతులు వణుకుతుంటే చూసి నాకు నిజంగా భయమేసింది. ఆ రోజు ఎవరో పెద్దాయన అటు వచ్చి ఒక గ్యాలన్ ఇచ్చాడు కాబట్టి సరిపోయింది, రాకపోతే ఏమయ్యేదో. మేం లెక్క వేసింది వెళ్ళాలనుకున్న దారికే, వెనక్కి రావాల్సిన దారికి కాదు. తప్పంతా అక్కడే జరిగింది.

కాబట్టి మొదట తెలుసుకోవాల్సింది మీ బండి నిజంగా ఎంత తాగుతుందో. బ్రోషర్ లో ఉన్నదీ, షోరూంలో చెప్పిందీ, ఫ్రెండ్ బండి మైలేజూ ఇవేవీ వద్దు, అవన్నీ కాకిలెక్కలు. ట్యాంక్ ఫుల్ చేసి, మీరు ట్రిప్ కి వేసే సామాను అంతా ర్యాకుల మీద వేసి, దగ్గర్లో ఉన్న కొండ ట్రెయిల్ మీద ఒక 25, 30 మైళ్ళు తిరిగి రండి, మళ్ళీ అదే లెవెల్ దాకా నింపి ఎన్ని గ్యాలన్లు పట్టిందో చూసి భాగించండి. మైళ్ళు ఫోన్ జీపీఎస్ లో చూసుకోండి, ఇసకలో బురదలో చక్రాలు జారుతుంటాయి కదా, బండి మీటర్ ఎక్కువ చూపిస్తుంది. చదునైన మట్టి రోడ్డు మీద గ్యాలన్ కి 16, 17 మైళ్ళు ఇచ్చే బండి, లో రేంజ్ లో, అంటే ఎక్కుడుకి వాడే బలమైన గేరులో, రాళ్ళ మీద ఎక్కేటప్పుడు 10, 11 కి పడిపోవడం మామూలే. ఎత్తు పెరిగేకొద్దీ ఇంజన్ పవర్ కూడా తగ్గుతుంది, ప్రతి 1000 అడుగులకీ దాదాపు 3 శాతం, అంటే తూషార్ పైన ఇంచుమించు మూడో వంతు పోయినట్టే, దాంతో మనకి తెలియకుండానే బొటనవేలు థ్రాటిల్ మీద ఇంకా గట్టిగా పడుతుంది.

ఇప్పుడు లెక్క. చాలా ఏటీవీలకి ట్యాంక్ 4 నుంచి 5 గ్యాలన్లే. మీది నాలుగున్నర అనుకుందాం, కొండల్లో 11 మైళ్ళు ఇస్తుంది, అంటే ట్యాంక్ కి 50 మైళ్ళు అంతే. మీరు వెళ్ళేది బంకు నుంచి బంకుకి 60 మైళ్ళు అనుకోండి, దానికే ఐదున్నర కావాలి. దాని మీద సగం కలపండి, దారి తప్పితే, చెట్టు పడి దారి మూసుకుపోతే, ఎవరినైనా వెతకడానికి వెళ్ళాల్సొస్తే అని. మొత్తం 8 గ్యాలన్ల పైన తేలుతుంది, ట్యాంక్ పోను దాదాపు 4 గ్యాలన్లు క్యాన్లలో ఉండాలి. ఇక్కడి పాత రైడర్లు దీన్నే ఇంకోలా చెప్తారు, ఉన్న పెట్రోల్ లో ఒక వంతు వెళ్ళడానికి, ఒక వంతు రావడానికి, ఒక వంతు ముట్టుకోకుండా. సగం దారి రాకముందే మొదటి వంతు అయిపోతే అక్కడే వెనక్కి తిరగండి, పైన వ్యూ ఎంత బాగున్నా సరే.

గ్రూపులో అందరిలోకీ తక్కువ దూరం పోయే బండి ఏదో దానికే లెక్క కట్టాలి. మీ బండికి పెద్ద ట్యాంక్ ఉంది అని మీరు ధైర్యంగా ఉంటే చాలదు, చివర్లో వస్తున్న చిన్న బండి ఆగితే అందరూ ఆగినట్టే. రెంట్ కి తీసుకునేవాళ్ళయితే ట్యాంక్ ఎన్ని గ్యాలన్లు, క్యాన్ ఇస్తారా, కట్టడానికి చోటుందా ఇవన్నీ తాళం తీసుకునే ముందే అడగండి, గేజ్ పని చేస్తుందో లేదో అక్కడే చూసుకోండి. చిన్న ఊళ్ళలో బంకు ఒక్కటే ఉండొచ్చు, అది తెరిచుందో లేదో ముందు రోజు ఫోన్ చేసి కనుక్కోండి.

గేజ్ అంటే గుర్తొచ్చింది, దాన్ని పూర్తిగా నమ్మొద్దు, ఏటవాలులో నిలబడితే ఒకటి చూపిస్తుంది, చదునులో ఇంకొకటి. మన ఊళ్ళో పాత బైకులకి రిజర్వ్ నాబ్ ఉండేది, బండి దగ్గడం మొదలెట్టగానే తిప్పితే ఇంకో ఇరవై ముప్పై కిలోమీటర్లు లాగేది, స్కూటర్ అయితే పక్కకి వంచి మళ్ళీ కిక్ కొట్టేవాళ్ళం. ఆ అలవాటు మన మనసులో ఎక్కడో ఉండిపోయింది, ఆగాక చూసుకుందాంలే అని. ఇప్పటి ఫ్యూయల్ ఇంజెక్షన్ ఏటీవీలకి చాలావాటికి ఆ నాబే లేదు, ఆరేడు వందల పౌండ్ల బండిని వంచేదీ లేదు. పైగా ట్యాంకులో ఉండే ఎలక్ట్రిక్ పంపుని చల్లగా ఉంచేది ఆ పెట్రోలే, చుక్క లేకుండా నడిపితే పంపు పాడవుతుంది. కాబట్టి పావు ట్యాంక్ కి రాగానే, చదును చోటు చూసుకుని, వెలుతురు ఉండగానే క్యాన్ తీయండి.

క్యాన్ విషయం కొంచెం వివరంగా చెప్పాలి. నీళ్ళ బాటిల్, పాల క్యాన్, కూల్ డ్రింక్ బాటిల్, ఇవి వద్దే వద్దు. మన దగ్గర బంకులో బాటిల్లో పోయించుకుని వెళ్ళడం చూసి పెరిగాం, కానీ ఆ ప్లాస్టిక్ పెట్రోల్ కోసం చేసింది కాదు, కుదుపులకి మూత లీకవుతుంది, ఆవిరికి ఉబ్బుతుంది, దాహంలో పిల్లలెవరైనా నీళ్ళనుకుని ఎత్తితే ఇంక చెప్పక్కర్లేదు. అమెరికాలో పెట్రోల్ కి ఎర్ర క్యాన్, డీజిల్ కి పసుపు, కిరోసిన్ కి నీలం, ఆ రంగు పాటించండి. ఏటీవీకి నిలువు క్యాన్ కంటే రోటోపాక్స్ లాంటి పలకల్లా ఉండే క్యాన్లు మేలు, ర్యాక్ మీద పడుకోబెట్టి బిగించేస్తే కదలవు. గ్యాలన్ పెట్రోల్ సుమారు 6 పౌండ్లు, 4 గ్యాలన్లంటే 24 పౌండ్లు, దాదాపు 11 కిలోలు. ఇది వెనక ర్యాక్ మీద ఎత్తుగా పేర్చారనుకోండి, నిట్టనిలువు ఎక్కుడులో బండి ముందు చక్రాలు లేస్తాయి, ఇలా బండి వెనక్కి తిరగబడి మీద పడడం కంటే ప్రమాదం ఇంకోటి లేదు. వీలైనంత కిందకి, రెండు ర్యాకులకీ పంచి, సైలెన్సర్ వేడి తగలని వైపు కట్టండి. రబ్బర్ తాళ్ళు సాగుతాయి, లివర్ తో బిగించే రాచెట్ స్ట్రాప్ పట్టీ వాడండి, మొదటి 5 మైళ్ళకి ఆగి ఒకసారి లాగి చూడండి. ర్యాక్ ఎంత బరువు మోస్తుందో బండి మీద స్టిక్కర్ లో ఉంటుంది, క్యాన్లతో పాటు కూలరూ టెంటూ అన్నీ ఆ లెక్కలోకే వస్తాయి.

బంకు దగ్గర క్యాన్ ని ట్రైలర్ మీదో పికప్ లోపలో ఉంచి నింపొద్దు, నేల మీద పెట్టి, నాజిల్ క్యాన్ మూతికి ఆనించి మెల్లగా నింపాలి, పికప్ లో పరిచిన ప్లాస్టిక్ లైనర్ మీద స్టాటిక్ కరెంట్ పుట్టి నిప్పురవ్వ లేచే ప్రమాదం ఉంది. గొంతు దాకా నింపకండి, కాస్త ఖాళీ ఉండాలి. కింద ఊళ్ళో నింపిన క్యాన్ ఐదారు వేల అడుగులు పైకి ఎక్కేసరికి, ఎండ కూడా తగిలితే, పొట్ట ఉబ్బి కనిపిస్తుంది, మూత ఒక్కసారిగా తీస్తే పెట్రోల్ మొహం మీదకి చిమ్ముతుంది, మొహం దూరంగా పెట్టి కొద్దికొద్దిగా వదులు చేస్తూ గాలి పోనివ్వండి. నిండు క్యాన్లు ఇంటి దగ్గర నుంచే ఎస్ యూ వీ లోపల పిల్లల పక్కన పెట్టుకుని మూడు గంటలు డ్రైవ్ చేసి తీసుకురావొద్దు, ఆ ఆవిరి పీల్చకూడదు. ఖాళీవి తెచ్చుకుని చివరి ఊళ్ళో నింపుకోండి.

ఏ పెట్రోల్ అన్నది కూడా చూడండి. యూటాలో రెగ్యులర్ అంటే చాలా బంకుల్లో 85 ఆక్టేన్, మీ బండి మాన్యువల్ 87 అంటే దాని పై గ్రేడే పోయించండి. 88 అన్న పేరుతో చవగ్గా అమ్మే ఈ15 రకం పెట్రోల్ మాత్రం ఏటీవీలకి అసలు పోయకూడదు, అందులో ఇథనాల్ 15 శాతం దాకా ఉంటుంది, ఆఫ్ రోడ్ బండ్లకి దాన్ని చట్టప్రకారమే నిషేధించారు.

పోసేటప్పుడు ఇంజన్ ఆపి పది నిమిషాలు చల్లారనివ్వండి. ఆ శరత్కాలం గడ్డి ఎండిపోయి ఉంటుంది, వేడి సైలెన్సర్ మీద నాలుగు చుక్కలు పడితే చాలు, మనకే కాదు ఆ కొండకీ ముప్పే. మట్టి నేల చూసుకుని ఆపండి, పక్కన ఎవరూ సిగరెట్ వెలిగించకుండా చూడండి. కొత్త క్యాన్ల ముక్కు నొక్కితేనే తెరుచుకుంటుంది, దానికి ఒక కిటుకుంది, ఇంట్లో నీళ్ళతో ఒకసారి ప్రాక్టీస్ చేసి బాగా ఆరబెట్టండి. గరాటు ఒకటి తప్పక పెట్టుకోండి. ఒక బండిలోంచి ఇంకో బండిలోకి తీయాల్సొస్తే చిన్న హ్యాండ్ పంప్ ఉన్న పైపు తెచ్చుకోండి, నోటితో పీల్చడం మన ఊరి మెకానిక్ లు చేసేవారు కానీ ఊపిరితిత్తుల్లోకి పోతే ప్రాణానికే వస్తుంది, చెయ్యకండి.

ఇంత చేసినా ఎక్కడో ఆగిపోతే బండి వదిలి నడవకండి. వెతికేవాళ్ళకి మనిషి కంటే బండి కనిపించడం సులువు. మీరు ఏ ఊరి నుంచి ఏ ఊరికి, ఏ నంబర్ ట్రెయిల్ మీద, ఎన్నింటికి చేరాలో పొద్దున్నే ఇంట్లో వదినకో అక్కకో మెసేజ్ పెట్టి వెళ్ళండి, ఆ టైం దాటితే ఎవరికి ఫోన్ చెయ్యాలో కూడా రాయండి. ఫోన్ సిగ్నల్ లేని చోట కూడా మెసేజ్ పంపే శాటిలైట్ మెసెంజర్ గ్రూపుకి ఒకటైనా ఉండాలి. రాత్రి అక్కడ గడ్డకట్టే చలి, ఒక దుప్పటీ, లైటూ, నీళ్ళూ ఎప్పుడూ బండి మీదే ఉంచండి.

తిరిగొచ్చాక క్యాన్లలో మిగిలింది అపార్ట్ మెంట్ బాల్కనీలోనో స్టోర్ రూంలోనో పెట్టొద్దు, వాటర్ హీటర్ ఉన్న గదిలో అసలే వద్దు. ఊరు వదిలేముందే కారు ట్యాంకులో పోసేయండి, క్యాన్ల మూతలు తీసి బయట గాలికి ఆరనిచ్చి లోపల పెట్టండి, ఆ ట్రిప్ లో బండి గ్యాలన్ కి ఎన్ని మైళ్ళు ఇచ్చిందో క్యాన్ మీదే మార్కర్ తో రాసిపెట్టుకోండి, నా రెండు క్యాన్ల మీద 10.8 అని, 11.5 అని ఇప్పటికీ ఉంది.