క్రోన్స్, అల్సరేటివ్ కొలైటిస్ (పేగు వాపు జబ్బులు) మందులు మొదలుపెట్టే ముందు తిండి జాగ్రత్తలు

ఈ జబ్బులకు వాడే మెథోట్రెక్సేట్ వారానికి ఒక్కసారే. దానికి తోడుగా ఇచ్చే ఫోలిక్ యాసిడ్ (ఒక బి విటమిన్) కూడా చిన్న పసుపు మాత్రగానే ఉండొచ్చు. ఫోలిక్ యాసిడ్ అనుకుని మెథోట్రెక్సేట్‌ను రోజూ వేసుకుంటే నోటి పుండ్లతో మొదలై రక్తకణాలు పడిపోతాయి, ప్రాణం మీదికి వస్తుంది. ఏ మందు ఏ వారం రోజో డబ్బా మీద తెలుగులో రాసిపెట్టండి.

స్టెరాయిడ్ వాడినన్నాళ్లూ కాల్షియం, విటమిన్ డి సంగతి అడగండి. ప్రెడ్నిసోలోన్ లాంటి స్టెరాయిడ్ పేగు నుంచి కాల్షియం సరిగా అందనివ్వదు, ఎముకను తినేస్తుంది. పెద్దవాళ్లకు తిండితో కలిపి రోజుకు 1000-1200 మిల్లీగ్రాముల కాల్షియం కావాలి. పాలు పడకపోతే పెరుగు, రాగులు చూడండి.

స్టెరాయిడ్‌తో ముఖం నిండితే "ఒళ్లు చేశాడు" అని చుట్టాలు మురిసిపోతారు. అది నీరు, కొవ్వు. లోపల కండ కరుగుతూ ఉంటుంది కాబట్టి గుడ్డు, పప్పు, చేప తగ్గించకండి. ఆవకాయ, అప్పడాలు తగ్గించండి, ఉప్పు నీటిని పట్టి ఉంచుతుంది. షుగర్ కూడా చూపించుకోండి.

ఈ జబ్బులకే వాడే ఇంకో మందు సల్ఫాసలజీన్, ఫోలేట్‌ను (తిండిలోని ఫోలిక్ యాసిడ్ రకం విటమిన్‌ను) అడ్డుకుంటుంది. ఫోలిక్ యాసిడ్ రాశారో లేదో చీటీలో చూడండి.

ఐరన్ మాత్రకూ టీకీ, కాల్షియానికీ రెండు గంటల ఎడం. కలిపితే ఐరన్ ఒంటబట్టదు.

చిన్నపేగు చివరి భాగం తీసేసినవాళ్లు బి12 పరీక్ష అడగాలి, అది పీల్చుకునేది అక్కడే.

తిండి పడట్లేదని స్టెరాయిడ్‌ను మీ అంతట మీరు ఆపకండి. ఫోన్ చేసి అడగండి.