ఐసీయూలో ఊపిరి పాఠాలు - 4: మంచం అంచున కూర్చోబెట్టడం

గత పాఠంలో సక్షన్ నేర్చుకున్నాం. కఫం తీశాక రోగికి ఊపిరి తేలికవుతుంది. ఈ రోజు పని అక్కడినుంచే మొదలుపెడదాం.

వెంటిలేటర్ మీద ఉన్న మనిషిని కూర్చోబెట్టాలంటే కొత్త సిస్టర్లు జంకుతారు. అయితే కదపకుండా పడుకోబెట్టి ఉంచడమూ క్షేమం కాదు. ఊపిరి పనంతా యంత్రానికే అప్పగించిన 18 నుంచి 69 గంటల్లోనే డయాఫ్రం (ఛాతీకి, పొట్టకు మధ్య ఉండి ఊపిరి లాగే కండరం) పోగులు దాదాపు సగానికి సన్నబడతాయని 2008లో ఒక అధ్యయనం చూపింది. కూర్చుంటే పొట్ట బరువు కిందికి దిగి, ఊపిరితిత్తుల అడుగుభాగం విచ్చుకుంటుంది.

ముందుగా డాక్టరు అనుమతి తీసుకోండి. వెంటిలేటర్ ఇచ్చే ఆక్సిజన్ 60 శాతానికి, పీప్ (ఊపిరి వదిలాక కూడా ఊపిరితిత్తుల్లో యంత్రం నిలిపి ఉంచే ఒత్తిడి) 10 సెంటీమీటర్ల నీటి మట్టానికి మించకూడదు. ఊపిరి నిమిషానికి 30 లోపు, శాచురేషన్ (రక్తంలో ఆక్సిజన్ శాతం) 90కి తగ్గకుండా ఉండాలి. మానిటర్ అంకెను నమ్మి ఊరుకోకండి, ఛాతీని చూస్తూ నిండా ఒక నిమిషం లెక్కపెట్టండి. 1889లో నిజాం ఖర్చుతో మన హైదరాబాదులో క్లోరోఫాం అనే మత్తుమందు ప్రమాదాలపై విచారణ జరిపిన రెండో క్లోరోఫాం కమిషన్ కూడా మత్తు ఇచ్చేవారు నాడిని కాదు, ఊపిరిని కనిపెట్టాలని చెప్పింది. క్లోరోఫాం గుండెనూ ఆపగలదని తర్వాత తేలింది కనుక మనం రెండూ చూస్తాం. కానీ ముందు చూసేది ఊపిరినే.

కదిపే ముందు వెంటిలేటర్ గొట్టాల్లో పేరుకున్న నీటిని వదిలించండి. నా మొదటి ఏడాదిలో ఇది మరిచాను. ఆ నీరు రోగి నోటి గుండా శ్వాసనాళంలోకి వేసిన ట్యూబులోకి జారి, ఒక పెద్దాయన దగ్గుతో ఉక్కిరిబిక్కిరయ్యారు. ఆయన కళ్ళలోని భయం నాకు ఇప్పటికీ గుర్తుంది.

పెదవి దగ్గర ట్యూబు మీది అంకె రాసుకోండి. కఫ్ (శ్వాసనాళంలో ట్యూబు చుట్టూ ఉండే గాలి బుడగ) ఒత్తిడి 20 నుంచి 30 సెంటీమీటర్ల నీటి మట్టం మధ్య ఉండాలి. ట్యూబు పట్టుకునే మనిషి ఇంకే పనీ చేయకూడదు. ఒకరు వీపు వెనక, ఒకరు కాళ్ళ దగ్గర నిలబడాలి. వెంటిలేటర్ ఉన్న వైపుకే తిప్పండి.

రోగి చెవి దగ్గరగా చెప్పండి: "పెద్దాయనా, మిమ్మల్ని లేపి కూర్చోబెడుతున్నాం. ట్యూబు నేను పట్టుకున్నాను, భయం లేదు." పాతబస్తీ నుంచి వచ్చినవారైతే ఉర్దూలో చెప్పండి. మాట అర్థమైతే భయం తగ్గుతుంది, భయం తగ్గితే ఊపిరి వేగమూ తగ్గుతుంది.

మొదటిరోజు ఐదు నిమిషాలు కూర్చున్నా చాలు. ఊపిరి 35 దాటినా, శాచురేషన్ 88కి దిగినా, చెమటలు పోసి మెడ కండరాలు లాగుతున్నా వెంటనే పడుకోబెట్టి, తలవైపు 30 నుంచి 45 డిగ్రీలు ఎత్తి ఉంచండి. డాక్టరుకు చెప్పండి.

ఈ వారం సాధన: ముగ్గురు రోగుల ఊపిరిని వాచీ పెట్టుకుని నిమిషంపాటు లెక్కించి, మానిటర్ చూపిన అంకె పక్కన రాయండి. ఐదో పాఠంలో, ట్యూబు తీసే ముందు జరిపే శ్వాస పరీక్షకు ఆ కాగితం కావాలి.