కొత్త లగ్జరీ ఎస్‌యూవీ: మొదటి వారాల ఫిర్యాదులు, అసలు కారణాలు

లగ్జరీ ఎస్‌యూవీ ఇంటికొచ్చిన రెండు మూడు వారాలకు యజమానులు చెప్పే మాటలు దాదాపు ఒకేలా ఉంటాయి. ‘ఇంత డబ్బు పోసినా కుదుపులు తప్పలేదు’, ‘స్క్రీన్ మీద రోజుకో హెచ్చరిక’, ‘దీనికంటే పాత కారే నయం’. వీటిలో చాలావాటికి బండి తయారీతో సంబంధం లేదు. ఓడలోనో లారీలోనో ప్రయాణించి, యార్డులో వారాల తరబడి కదలకుండా నిలబడి, చివరికి హడావిడిగా కడిగించుకుని మీ చేతికి వచ్చిందే, ఆ స్థితితో సంబంధం. దాన్ని సరిచేయకుండా ఏర్పరచుకునే తొలి అభిప్రాయం బండి మీద అభిప్రాయం కానే కాదు.

అందుకే ఫిర్యాదు ఏదైనా సరే, ముందు రెండు చూడండి: టైర్లలో గాలి, 12 వోల్టుల బ్యాటరీ. పది నిమిషాల పని. ఈ రెండూ చూడకుండా నన్ను సలహా అడిగేవాళ్లకు నేను జవాబివ్వడం మానేశాను.

గతుకుల్లో గట్టిగా కొడుతోంది

స్పీడ్ బ్రేకర్ దాటితే నడుము దాకా తెలుస్తోంది, చిన్న చిన్న అతుకుల మీద కూడా బండి దడదడలాడుతోంది. వెంటనే సస్పెన్షన్‌ను తిడతారు. నూటికి తొంభై సార్లు అది గాలి ఎక్కువ కావడమే.

రవాణాలో ఎక్కువకాలం ఒకేచోట నిలబడితే టైరు నేలకు ఆనిన భాగం చదునవుతుంది. అలా చదునవకుండా ఉండేందుకు కర్మాగారంలోనే గాలి ఎక్కువ కొట్టి పంపుతారు. బండి అప్పగించే ముందు దాన్ని తగ్గించాలి. తగ్గించినట్టు కాగితం మీద టిక్కు కూడా ఉంటుంది. టిక్కును నమ్మకండి, గేజ్‌ను నమ్మండి.

డ్రైవర్ తలుపు తెరిస్తే పక్క స్తంభం మీద స్టిక్కర్ ఉంటుంది. మీ చక్రాల సైజుకు, బండిలో ఉండే బరువుకు ఎంత గాలి ఉండాలో అక్కడ రాసి ఉంటుంది. ముందు చక్రాలకు ఒకటి, వెనక చక్రాలకు ఇంకొకటి ఉండవచ్చు. టైరు గోడ మీద అచ్చు వేసిన అంకె ఆ టైరు తట్టుకునే గరిష్ఠ పరిమితి. దాన్ని చూసి గాలి పట్టించేవాళ్లు ఇప్పటికీ తగ్గలేదు. కొలత బండి చల్లగా ఉన్నప్పుడే తీయాలి, అంటే కనీసం మూడు గంటలు కదలకుండా ఉన్నాక. నడిచి వేడెక్కిన టైరులో ఒత్తిడి సహజంగానే పెరుగుతుంది, అప్పుడు గాలి తీసేస్తే చల్లారాక తక్కువవుతుంది. వాతావరణం సుమారు 5 లేదా 6 డిగ్రీలు మారితే ఒత్తిడి దాదాపు 1 పీఎస్ఐ మారుతుంది. కాబట్టి కాలం మారినప్పుడల్లా మళ్లీ చూడాల్సిందే. సరిచేశాక టైర్ ప్రెషర్ వ్యవస్థను మెనూలో రీసెట్ చేయడం మరిచిపోవద్దు.

గాలి సరిగ్గానే ఉంటే, మీరు కోరి వేయించుకున్న 21, 22 అంగుళాల చక్రాల వైపు ఒకసారి చూడండి. రిమ్ముకూ రోడ్డుకూ మధ్య మిగిలిన రబ్బరు ఎంత? ఎయిర్ సస్పెన్షన్ (స్ప్రింగులకు బదులు గాలి సంచుల మీద బండిని నిలిపే ఏర్పాటు) ఎంత మంచిదైనా, లేని టైరు గోడను అది తెచ్చిపెట్టలేదు. మెత్తదనం కావాలంటే చిన్న చక్రాలు వేయించుకోవాలి, వేరే మందు లేదు. స్ప్రింగుల మధ్య రవాణా కోసం పెట్టిన దిమ్మలు తీయకుండా అప్పగించిన బండ్లు కూడా ఉంటాయి. అరుదు. టార్చిలైటు వేసి ఒక్కసారి చూస్తే తేలిపోతుంది.

స్క్రీన్ మీద రోజుకో హెచ్చరిక

తీరిగ్గా చెప్పాల్సింది దీని గురించే. అనుభవమున్న మెకానిక్కులను కూడా వారాల తరబడి తిప్పించే కారణం ఇది.

ఉదయం స్టార్ట్ చేయగానే సస్పెన్షన్ లోపం అని వస్తుంది, కాసేపటికి దానంతట అదే పోతుంది. మర్నాడు వెనక కెమెరా రాదు. ఇంకో రోజు డిక్కీ తలుపు సగం లేచి ఆగిపోతుంది. సీటు తన మెమరీ మరిచిపోతుంది. ఫోన్‌లోని యాప్ బండి అందుబాటులో లేదంటుంది. వీటన్నిటికంటే ముందు ఒకటి జరిగి ఉంటుంది: సిగ్నల్ దగ్గర ఇంజిన్ దానంతట అది ఆగి మళ్లీ స్టార్ట్ అయ్యే ఏర్పాటు పనిచేయడం మానేస్తుంది. దీన్ని ఎవరూ ఫిర్యాదుగా చెప్పరు. చాలామందికి ఆ ఏర్పాటే నచ్చదు కాబట్టి లోలోపల సంతోషిస్తారు కూడా. అసలు తొలి సంకేతం అదే.

కారణం 12 వోల్టుల బ్యాటరీ నీరసపడటం. ఇంజిన్ మాత్రం ఒక్క నొక్కుకే స్టార్ట్ అవుతుంది. మోసం జరిగేది ఇక్కడే. ‘సెల్ఫ్ బాగానే తీసుకుంటోంది, బ్యాటరీకేమైంది?’ అంటారు. ఇంట్లో వోల్టేజి పడిపోయినప్పుడు ఫ్యాను తిరుగుతూనే ఉంటుంది, ట్యూబ్‌లైటు మాత్రం మినుకుమంటుంది. ఇదీ అంతే. ఈ బండ్లలో చిన్న కంప్యూటర్లు పదుల సంఖ్యలో ఉంటాయి. స్టార్టర్ తిరిగిన క్షణంలో వోల్టేజి కిందికి పడుతుంది. బ్యాటరీ నిండుగా లేకపోతే మరీ ఎక్కువ పడుతుంది. వాటిలో ఏది సున్నితమైనదో అది ముందుగా లోపం నమోదు చేస్తుంది. అందుకే స్క్రీన్ మీద సస్పెన్షన్ పేరు కనిపిస్తుంది, బ్యాటరీ పేరు కనిపించదు.

ఎయిర్ సస్పెన్షన్ హెచ్చరికతో వచ్చిన ఒక బండి ఇంకా గుర్తుంది. వర్క్‌షాపులో ఎత్తు కొలిచే సెన్సర్ మార్చారు, హెచ్చరిక పోయింది. ఇంటికి వెళ్లిన కొద్ది రోజులకు మళ్లీ వచ్చింది. కంప్రెసర్ రిలే మార్చారు. మళ్లీ పోయింది, మళ్లీ వచ్చింది. నిజానికి మార్చిన భాగాలతో అది పోలేదు. వర్క్‌షాపులో కంప్యూటర్ తగిలించి పరీక్షించేటప్పుడు బండికి చార్జర్ కూడా తగిలిస్తారు. ప్రతిసారీ అది నిండిన బ్యాటరీతో ఇంటికి వెళ్లేది, నెమ్మదిగా ఖాళీ అయ్యేది. ఖాళీ చేస్తున్నది ఎవరంటే, ఇంట్లో గోడకు కొట్టిన మేకు. దానికి బండి తాళం వేలాడుతోంది. గోడకు అటువైపు, రెండడుగుల దూరంలో, బండి ముందు తలుపు. జేబులోంచి తీయకుండానే తలుపు తెరిచే తాళం కదా, దగ్గర్లో ఉన్నంతసేపూ బండికి పలుకుతూనే ఉంది. బండికి నిద్రే లేదు.

లెక్క వేసి చూడండి. చక్కగా నిద్రపోయిన బండి సాధారణంగా 50 మిల్లీ ఆంపియర్ల లోపే లాగుతుంది, అంటే రోజుకు 1.2 ఆంపియర్ అవర్లు. ఏదో ఒకటి మేల్కొనే ఉండి ఒక్క ఆంపియర్ లాగినా రోజుకు 24. ఇలాంటి బండ్లలో ఉండే పెద్ద బ్యాటరీ కూడా మూడు నాలుగు రోజులకు చేతులెత్తేస్తుంది. దానికి తోడు అది యార్డులో నిలబడ్డప్పుడే సగం ఖాళీ అయి ఉంటుంది, మీరేమో పక్క వీధి దాకా తప్ప నడపరు. అంత చిన్న ప్రయాణంలో పోయింది తిరిగి నిండదు.

నిద్ర చెడగొట్టేవి తాళంతో అయిపోలేదు. పార్క్ చేసినా రికార్డు చేస్తూ ఉండే డాష్‌క్యామ్. స్టీరింగ్ కింద డయాగ్నస్టిక్ పోర్టులో గుచ్చి మరిచిపోయిన ట్రాకర్. బండి ఎక్కడుందో, తలుపులు వేశామో లేదో అని యాప్‌లో గంటకోసారి చూసే కొత్త మోజు. తెరిచిన ప్రతిసారీ బండి లేచి సమాధానం చెప్పాలి మరి.

ఎలక్ట్రిక్, హైబ్రిడ్ యజమానులు ఇది మాకు వర్తించదనుకుంటారు. వర్తిస్తుంది. తలుపుల తాళాలు, స్క్రీన్లు, పెద్ద బ్యాటరీని కలిపే స్విచ్చులు అన్నీ ఈ 12 వోల్టుల మీదే నడుస్తాయి. అది పడిపోతే కింద ఎంత పెద్ద బ్యాటరీ ఉన్నా బండి మేలుకోదు.

పరీక్ష ఇలా. రాత్రి బండి లాక్ చేసి, తాళాలు రెండూ దూరంగా పెట్టండి. స్పేర్ తాళం డాష్‌బోర్డు అరలో పెట్టి మరిచిపోయినవాళ్లున్నారు, అక్కడా చూడండి. ఉదయం ఏ తలుపూ తెరవకముందే వోల్టేజి కొలవాలి, ఎందుకంటే తలుపు తెరిస్తే బండి లేస్తుంది, అంకె పడిపోతుంది. బ్యాటరీ చాలా బండ్లలో బానెట్ కింద ఉండదు. ఆడి క్యూ7లో ముందు సీటు కింద, వోల్వో ఎక్స్‌సీ90లో డిక్కీ నేల కింద ఉంటుంది. అయినా జంప్ స్టార్ట్ కోసం బానెట్ కింద టెర్మినళ్లు ఇస్తారు, అక్కడ కొలిస్తే చాలు. రాత్రే బానెట్ ఎత్తి ఉంచి, దాని గొళ్లేన్ని స్క్రూడ్రైవర్‌తో మూసిన స్థితికి నొక్కితే బండి బానెట్ వేసి ఉందనుకుని నిద్రపోతుంది. కొలిచాక బానెట్ దించే ముందు గొళ్లేన్ని తిరిగి విడిపించాలి, లేకపోతే వంగుతుంది.

మల్టీమీటర్‌లో 12.7 లేదా అంతకు పైన వస్తే బ్యాటరీ నిండుగా ఉంది. 12.4 అంటే ముప్పావు వంతు. 12.2 అంటే సగం, హెచ్చరికలు మొదలయ్యేది ఆ చుట్టుపక్కలే. 12 కంటే తక్కువైతే ఇక చర్చే లేదు. ఇంజిన్ నడుస్తుండగా కనిపించే 14కు, బ్యాటరీ ఆరోగ్యానికి సంబంధం లేదు. అది ఆల్టర్నేటర్ (ఇంజిన్ తిరిగేటప్పుడు కరెంటు పుట్టించే భాగం) అంకె.

తక్కువ వచ్చిందా, రాత్రంతా చార్జర్ పెట్టండి. బ్యాటరీ ఏజీఎమ్ రకమైతే (లోపలి యాసిడ్‌ను గాజు పీచు పొరలు పీల్చి పట్టుకునే రకం, బ్యాటరీ మీదే AGM అని రాసి ఉంటుంది) చార్జర్ కూడా ఆ అమరికలోనే ఉండాలి. నెగెటివ్ క్లిప్పును నేరుగా బ్యాటరీ టెర్మినల్‌కు కాకుండా బాడీకి ఇచ్చిన ఎర్త్ పాయింట్‌కు తగిలించండి. నెగెటివ్ టెర్మినల్ మీద వచ్చే పోయే కరెంటును లెక్కపెట్టే సెన్సర్ ఉంటుంది. దాన్ని దాటేసి చార్జ్ చేస్తే బ్యాటరీ నిండినా బండి లెక్కలో ఖాళీగానే ఉంటుంది, సిగ్నల్ దగ్గర ఇంజిన్ ఆగడం మళ్లీ మొదలవడానికి ఆలస్యమవుతుంది. ఆ తర్వాత డాష్‌క్యామ్, ట్రాకర్ అన్నీ తీసేసి, కొన్నాళ్లు చూసి, ఒక్కొక్కటిగా తిరిగి పెట్టండి. అన్నీ ఒకేసారి పెడితే దొంగ దొరకడు.

ఏమీ తగిలించకపోయినా వోల్టేజి పడిపోతుంటే అప్పుడు సర్వీస్ సెంటర్ పని. బండి నిద్రపోయాక ఎంత కరెంటు లాగుతోందో క్లాంప్ మీటర్‌తో చూడమనండి. ఫ్యూజులు ఒక్కొక్కటీ పీకుతూ వెతికితే, పీకినప్పుడల్లా ఏదో ఒకటి మేల్కొంటుంది. రవాణా మోడ్ (బండిని ఓడలో, లారీలో పంపేటప్పుడు కర్మాగారంలో పెట్టే అమరిక) ఇంకా ఆన్‌లోనే ఉందేమో కూడా చూడమనండి, చాలా బండ్లలో దాన్ని వాళ్ల పరికరంతోనే తీయాలి. బ్యాటరీయే పాడైందని తేలితే వారంటీలో మారుస్తారు. కానీ కొత్తది వేశాక దాన్ని బండి కంప్యూటర్‌లో నమోదు చేశారా అని తప్పక అడగండి. చేయకపోతే కొన్ని బండ్లు పాత బ్యాటరీకి ఇచ్చిన తీరులోనే కొత్తదానికీ చార్జింగ్ ఇస్తాయి.

రీసెట్ అవుతుందని బ్యాటరీ వైరు పీకడం మాత్రం వద్దు. లోపం అలాగే ఉంటుంది, కిటికీ అద్దాలకు పైదాకా వెళ్లడం మళ్లీ నేర్పాల్సి వస్తుంది.

మిగిలినవి

స్టీరింగ్ చేతికి ఎదురు తిరుగుతోందా? గీత దాటకుండా సర్దే సహాయ వ్యవస్థ ఆపేసి చూడండి. ఎదురు తిరగడం పోతే అలైన్‌మెంట్ జోలికి వెళ్లవద్దు.

అద్దం మీద తేలే వేగం అంకె పగలు మాయమై రాత్రి కనిపిస్తోందా? కళ్లద్దాలు తీయండి. పోలరైజ్డ్ కళ్లద్దాలు ఆ వెలుతురును ఆపేస్తాయి. దీని కోసం డిస్‌ప్లే మార్చమని గొడవపడినవాళ్లను చూశాను.

టోల్ ట్యాగ్ చదవడం లేదంటే ముందు అద్దం మీద ట్యాగ్ ఎక్కడ అంటించారో చూడండి. ఎండ వేడిని ఆపే లోహపు పూత ఉన్న అద్దం రేడియో సంకేతాన్ని కూడా ఆపుతుంది. వెనక వచ్చే బండ్లను చూసుకునే లోపలి అద్దం దగ్గర పూత లేని చిన్న చోటు వదులుతారు, అక్కడ అంటించాలి.

డిక్కీ ప్రతిసారీ ఒకే ఎత్తులో ఆగితే అది లోపం కాదు, ఎవరో ఆ ఎత్తును సెట్ చేశారు. కావలసిన ఎత్తులో నిలిపి మూసే బటన్‌ను కొన్ని సెకన్లు నొక్కి పట్టుకోండి. ముందు వాహనాన్ని బట్టి వేగం మార్చే క్రూయిజ్ పనిచేయకపోతే లోగోను చూడండి. చాలా బండ్లలో రాడార్ దాని వెనకే ఉంటుంది, మీరు అంటించిన మెరిసే స్టిక్కర్ దానికి గోడ. కడిగిన మర్నాడు బ్రేకులు గరగరలాడితే డిస్కుల మీద తుప్పు, నాలుగు సార్లు గట్టిగా నొక్కితే పోతుంది. మొదటి కొన్ని వందల కిలోమీటర్లలో బానెట్ నుంచి కాలిన వాసన వస్తే రక్షణ పూత కాలడం. మైలేజీ గురించి ఇప్పుడే మాట్లాడకండి, మీటర్‌లోని సగటులో యార్డులో ఊరికే నడిచిన ఇంజిన్ కూడా లెక్కే.

ఎయిర్ సస్పెన్షన్ ఉన్న బండి రాత్రికి నాలుగు మూలలా కాస్త దిగితే ఫరవాలేదు. ఒక్క మూలే కుంగితే గాలి కారుతున్నట్టు, తీసుకెళ్లండి.

సర్వీస్ సెంటర్‌కు వెళ్లేటప్పుడు హెచ్చరిక కనిపించిన క్షణంలో తీసిన ఫొటో, అప్పటి కిలోమీటర్ల అంకె, ఉదయం కొలిచిన వోల్టేజి చేతిలో ఉండాలి. ‘ఏదో వచ్చింది, పోయింది’ అంటే వాళ్లు కూడా ఏదో చేసి పంపేస్తారు. ఇక ఆయిల్ ప్రెషర్, ఇంజిన్ వేడి, బ్రేకులు, ఈ మూడింటిలో ఏ ఎర్రదీపం వెలిగినా పైన చెప్పినవేవీ పట్టించుకోకుండా, బండిని పక్కకు ఆపి ఇంజిన్ కట్టేయండి. అక్కడి నుంచి లారీ మీదే తీసుకెళ్లాలి.