నాపరాయి పుట్టుకను నాపరాయిలోనే గుర్తించడం ఎలా?

తాండూరు, బేతంచెర్ల, కడప ప్రాంతాల నాపరాళ్లు మన ఇళ్లలో నేలకు, అరలకు, వంటగది గట్లకు ఎంతగా వాడుకలో ఉన్నా, అవి ఒకప్పుడు సముద్రం అడుగున పేరుకున్న మెత్తని సున్నపు బురద అన్న సంగతి చాలామంది దృష్టికి రాదు. నీరో గాలో మోసుకొచ్చిన రేణువులు గానీ, నీటిలో కరిగి ఉండి వేరుపడిన పదార్థం గానీ పొరలుగా పేరుకుని, పైపొరల బరువుకు అణిగి, నీటిని కోల్పోయి, సందుల్లో చేరిన సున్నం, సిలికా, ఇనుప ఆక్సైడు వంటివి అతికించగా గట్టిపడితే అది అవక్షేప శిల అవుతుంది. ఈ క్రమపు ఆనవాళ్లను పట్టుకోవడానికి ఒక విరిగిన ముక్క, భూతద్దం, మేకు, కొద్దిగా వెనిగర్ చాలు.

ముందుగా నునుపు చేసిన పైభాగాన్ని వదిలి, విరిగిన అంచును తడిపి చూడాలి. అక్కడ సమాంతరంగా కనిపించే సన్నని చారలు ఒకదాని తర్వాత ఒకటిగా పేరుకున్న పొరలు. గని పనివారు రాయిని పలకలుగా విడదీయగలిగేది కూడా వీటి వెంటనే.

తర్వాత మేకుతో గీకి, రాలిన పొడి మీద వెనిగర్ చుక్క వేయాలి. నురగ వస్తే అందులో సున్నం ఉన్నట్టే. పొడి చేయమనడానికి కారణం ఉంది: డోలమైటు (మెగ్నీషియం కూడా కలిసిన సున్నపురాయి రకం) ముద్దగా ఉన్నప్పుడు దాదాపు స్పందించదు. ఈ పరీక్షను ఇంటి నేల మీద మాత్రం చేయకూడదు, మెరుపు పోతుంది.

నురగ రాకపోతే రేణువులను పరిశీలించాలి. 0.06 నుంచి 2 మిల్లీమీటర్ల రేణువులు ఇసుకరాయివి. వాటి అంచులు అరిగి గుండ్రంగా ఉంటే నీరో గాలో వాటిని చాలాకాలం దొర్లించి ఉంటుంది. 0.004 మిల్లీమీటర్ల కంటే చిన్నవైన బంకమట్టి రేణువులు సాధారణంగా నిశ్చలమైన నీటిలోనే అడుగుకు దిగుతాయి కనుక, వాటితో ఏర్పడిన షేల్ ఒకప్పటి ప్రశాంత జలాలకు గుర్తు. గులకలు, ఇసుక, మట్టి వేసిన గాజుసీసాలో నీరు పోసి కుదిపి, రాత్రంతా కదపకుండా ఉంచితే ఈ తేడా కళ్లారా చూడవచ్చు.

కడప ప్రాంతపు సున్నపురాళ్లలో గవ్వల కోసం వెతకడం వృథా, ఎందుకంటే గవ్వలున్న జీవులు పుట్టకముందే అవి పేరుకున్నాయి. వేంపల్లె పరిసరాల్లో మాత్రం సూక్ష్మజీవుల చాపలు కట్టిన స్ట్రోమటోలైట్ల వంపు పొరలు కనిపిస్తాయి. అక్కడి క్వార్ట్జైటు (బాగా గట్టిపడిన ఇసుకరాయి) కొండల్లో రాయి మీద అలల గుర్తులు దొరికితే వాటి వాలును గమనించాలి: రెండు వైపులా సమానంగా ఉంటే ముందుకూ వెనక్కూ ఊగిన అలలవి, ఒకవైపు నిటారుగా ఉంటే ఆ దిక్కుకే ప్రవాహం సాగింది.

మార్కాపురం పలకరాయిని ఈ లెక్కలో చేర్చరాదు. అది బురదగానే పుట్టినా తర్వాతి ఒత్తిడికి రూపాంతరం చెందినందువల్ల, అది చీలే దిశ పాత పొరల దిశే కావాలన్న నియమం లేదు.