పూత బుల్లెట్‌కి మందు ఎంత?

మా మేనల్లుడు డాలస్‌లో రీలోడింగ్ ప్రెస్ కొన్నాడు, అంటే తుపాకీ తూటాలు ఇంట్లోనే కట్టుకునే యంత్రం. ఆదివారం తెల్లారుజామున నేను అల్లూరు పక్కన రొయ్యల గుంట గట్టు మీద చెక్ ట్రే లేపి చూస్తుంటే ఫోన్. "మామా, నైన్ ఎంఎంకి ప్లేటెడ్ బుల్లెట్లు వెయ్యి తెప్పించా. మందు ఎంత పొయ్యాల?" మందు అంటే తూటాలో పేలే పౌడర్. ఉప్మాలో ఉప్పు ఎంత అన్నట్టు అడిగాడు. హ్యూస్టన్ దగ్గర పద్నాలుగేళ్లు నా తూటాలు నేనే కట్టుకున్నవాడిని, అయినా అంకె చెప్పలేదు. అంకె ఎలా వెతుక్కోవాలో చెప్పా. అదే ఇక్కడ రాస్తున్నా.

ఇది అమెరికాలో ఉన్న మనవాళ్లకి మాత్రమే. మన దగ్గర లైసెన్స్ లేకుండా తూటాలు తయారు చేయడం 1959 ఆయుధాల చట్టం కింద నేరం. నా ప్రెస్ అక్కడే అమ్మేసి వచ్చాను.

ముందు బుల్లెట్ సంగతి. బుల్లెట్ అంటే తూటా మొత్తం కాదు, దాని కొసన ఉండి ఎగిరిపోయే ముక్క. జాకెటెడ్ బుల్లెట్‌కి రాగి తొడుగు మందంగా ఉంటుంది. ప్లేటెడ్ అంటే మెత్తటి సీసం మీద కరెంటుతో ఎక్కించిన పల్చటి రాగి పూత. చూపుకి రెండూ ఒకటే. బంగారు గాజుకీ రోల్డ్‌గోల్డ్ గాజుకీ ఉన్నంత తేడా. మందు ఎక్కువైతే పూత చిరుగుతుంది, బుల్లెట్ దారి తప్పి కాగితం మీద గుండ్రటి రంధ్రం బదులు తాళంచెవి రంధ్రంలా పడుతుంది. అందుకే మామూలు పూత బుల్లెట్లకి సెకనుకు 1,200, 1,250 అడుగుల దగ్గర హద్దు పెడతారు. నీ బుల్లెట్ల కంపెనీ ఏ హద్దు చెప్పిందో అదే చూసుకో.

ఇక మందు. పౌడర్ కంపెనీ అచ్చేసిన పట్టికలో నీ పౌడర్, నీ బుల్లెట్ బరువు వెతుకు. ప్లేటెడ్ అని విడిగా ఉంటే అదే తీసుకో. లేకపోతే అదే బరువు సీసం బుల్లెట్ వరుస, జాకెటెడ్ వరుస పక్కపక్కన పెట్టుకో. సీసం వరుసలో ఆరంభం అని రాసిన చోట మొదలుపెట్టి, జాకెటెడ్ వరుసలో సగం దాకా వచ్చాక ఆగిపో. గరిష్ఠం అంకె మాత్రమే ఉంటే పది శాతం తగ్గించి మొదలుపెట్టడం పాత పద్ధతి. కానీ హెచ్110, డబ్ల్యూ296 లాంటి మాగ్నమ్ (ఎక్కువ శక్తి తూటాల) పౌడర్లకి ఆ పద్ధతి పనికిరాదు, బాగా తగ్గిస్తే అవే ప్రమాదం. ఈ బుల్లెట్లకి వాటి జోలికే పోవద్దు.

స్నేహితుడి అంకె వద్దు. పక్క గుంట మేత చార్టు చూసి మన గుంటలో వేస్తామా? నీళ్లు వేరు, పిల్ల వేరు.

ఆరంభం కన్నా కిందికీ దిగొద్దు. ఈ తప్పు నేనే చేశా. మా ఆవిడ చేతికి తుపాకీ వెనక్కి తన్నే దెబ్బ తక్కువ తగలాలని పాయింట్ 38 స్పెషల్ అనే రివాల్వర్ తూటాలో పట్టిక కన్నా తక్కువ పోశా. షూటింగ్ రేంజ్‌లో "టుప్" మంది, కాగితం మీద రంధ్రం లేదు. ఆవిడ మళ్లీ ట్రిగ్గర్ మీద వేలు పెడుతుంటే పక్క వరుసాయన అరిచి ఆపాడు. బుల్లెట్ గొట్టంలోనే ఇరుక్కుని ఉంది. దాని వెనకాల ఇంకోటి కాల్చుంటే గొట్టం పగిలేది. ఆ రాత్రి ఇంట్లో నా పరిస్థితి మీకు చెప్పక్కర్లేదు.

తూకం దగ్గర టెన్షన్ పడాల్సిందే. గ్రెయిన్ అంటే దాదాపు 65 మిల్లీగ్రాములు, గురివింద గింజలో సగం. పిస్టల్‌కి అలాంటివి నాలుగైదు పడతాయంతే, అర గ్రెయిన్ తేడా కూడా పెద్దదే. త్రాసు గ్రెయిన్లలో ఉందో గ్రాముల్లో ఉందో ముందు చూడు; ఒక గ్రాముకి 15.4 గ్రెయిన్లు. తూకపు బిళ్లతో సరిచూడు. ఫ్యాను, ఏసీ ఆపెయ్. బల్ల మీద ఒక్క పౌడర్ డబ్బానే ఉండాలి.

పోశాక యాభై కేసులు (తూటా ఇత్తడి డొప్పలు) గుంటల బ్లాక్‌లో నిలబెట్టి టార్చి వేసి చూడు. పాయింట్ 38 కేసు లోతెక్కువ, రెండుసార్లు పోసినా పొంగదు, కంటితోనే పట్టాలి.

బుల్లెట్‌ని కేసులోకి దించేటప్పుడు పట్టికలో రాసిన తూటా మొత్తం పొడుగు పాటించు. లోతుగా దిగితే లోపల చోటు తగ్గి, అదే మందుకి ఒత్తిడి పెరుగుతుంది. నైన్ ఎంఎంలో అది చాలా ఎక్కువగా పెరుగుతుంది. కట్టిన తూటాని బొటనవేలితో బల్లకి నొక్కు, లోపలికి జారకూడదు. అలాగని క్రింప్, అంటే బుల్లెట్ చుట్టూ కేసు మూతి బిగింపు, గట్టిగా బిగిస్తే పూత తెగుతుంది. ఒక బుల్లెట్‌ని పుల్లర్ అనే పనిముట్టుతో ఊడదీసి చూడు: గోటికి తగిలేంత గీత ఉంటే బిగింపు తగ్గించు.

మొదట పది మాత్రమే కట్టి కాల్చు, బుల్లెట్ వేగం కొలిచే క్రోనోగ్రాఫ్‌తో చూడు. కాల్చగానే పిస్టల్ పై భాగం, అదే స్లైడ్, పూర్తిగా వెనక్కి రాకపోతే పాయింట్ ఒకటి, పాయింట్ రెండు గ్రెయిన్లు పెంచి మళ్లీ పది. కేసు అడుగున నిప్పు పుట్టించే ప్రైమర్ మామూలుగా ఉందని ధైర్యపడకు, ఒత్తిడి ఎక్కువైన సంగతి పిస్టల్లో అది ఆలస్యంగా చెబుతుంది.

ఇవన్నీ చెప్పాక, "మామా, మొదలుపెట్టేశా" అని ఫొటో పంపాడు. త్రాసు గ్రాముల మీదే ఉంది. మేత బక్కెట్ కింద పెట్టి మళ్లీ ఫోన్ చేశా.